శాంపిల్‌లో ఒక్క చెడ్డ పీసూ దొరకలేదు, అయినా "2 శాతం లోపే" అని రాయకూడదట. ఎందుకు?

వెర్నియర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు. యంత్ర భాగాలు తయారుచేసే యూనిట్‌లో పదకొండేళ్లుగా క్వాలిటీ చెకింగ్ చేస్తున్నాను. వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్, గేజీలు, కొలవడం వరకూ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్కలు మాత్రం చదువుకునే రోజుల్లోనే వదిలేశాను. సంభావ్యత అధ్యాయాన్ని ఛాయిస్‌లో వదిలేసి పరీక్ష గట్టెక్కిన బాపతు.

ఈ మధ్య రిపోర్టులు రాసే పని నా మీద పడింది. తంటా అక్కడే మొదలైంది. ఒక లాట్‌లో 5,000 పీసులుంటాయి. అందులోంచి 50 తీసి చూస్తాం. మొన్న ఒక లాట్‌లో 50కి 50 బాగున్నాయి. 50లో ఒకటి చెడితే 2 శాతం, మరి ఒక్కటీ చెడలేదు కాబట్టి "లోపాలు 2 శాతం లోపే" అని రాసి సంతకం పెట్టాను. కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు అది చూసి "ఇలా రాయకూడదండీ" అన్నాడు. ఎందుకూ అంటే బైనామియల్, కాన్ఫిడెన్స్, నల్ హైపోథిసిస్ అంటూ ఐదు నిమిషాలు చెప్పాడు. తలాడించాను. ఒక్క ముక్క ఎక్కలేదు. ఎక్కలేదని చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది.

ఆ రాత్రే ఒక పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మూడు వారాలైంది. సగటు, మధ్యగతం, బాహుళకం వచ్చేశాయి. ప్రామాణిక విచలనం లెక్క కట్టగలను, కట్టాక ఆ అంకెను ఏం చేసుకోవాలో తెలియదు. పర్ముటేషన్లు, కాంబినేషన్ల దగ్గర బండి బురదలో దిగబడింది. "పరస్పర వివర్జిత ఘటనలు", "స్వతంత్ర ఘటనలు" రెండూ ఒకటే అనుకున్నాను. రెండు వృత్తాలు ఒకదానికొకటి తగలకుండా గీస్తే ఎవరి దారి వారిదే కదా, అది స్వతంత్రం కాకపోతే ఇంకేమిటి? పుస్తకం వెనక జవాబు మాత్రం కాదంటోంది. అచ్చుతప్పేమో అని కూడా అనుకున్నాను.

ఏ వరసలో చదవాలి? కాంబినేషన్లు రాకుండా ముందుకెళ్లొచ్చా? నా 2 శాతం మాటలో తప్పెక్కడ? మూడోదానికి జవాబు దొరికితే మిగతా రెండూ కొన్నాళ్లు ఆగినా పర్లేదు.

కోడ్‌కోతి

పైథాన్ నేర్చుకోండి బ్రో. ఇవన్నీ ఒక్క లైన్‌లో అయిపోతాయి. ఫార్ములాలు బట్టీపట్టే రోజులు పోయాయి.

వెర్నియర్

లైన్ రాస్తే అంకె వస్తుంది సరే బ్రదర్. ఆ అంకె గురించి రిపోర్టులో ఏం రాయాలన్నదే నా బాధ.

బొమ్మాబొరుసు

వెర్నియర్ గారూ, నేను డిగ్రీ పిల్లలకు 19 ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. మొదటి ఐదారేళ్లు పుస్తకం వరసే నా వరస: నిర్వచనం, సూత్రం, పది లెక్కలు. పిల్లలకు మార్కులు వచ్చేవి, విషయం వచ్చేది కాదు. అది కనిపెట్టడానికి నాకు అన్నేళ్లు పట్టింది, మీ మూడు వారాలకు బెంగపడకండి.

మీ మూడో ప్రశ్నే ముందు పట్టుకుందాం. మీరు చేసినది త్రైరాశికం. 100కి 2 అయితే 50కి ఒకటి. ఒకటి రావాలి, రాలేదు, కాబట్టి 2 కంటే తక్కువే. చిన్నప్పటి నుంచీ మన చేతికి అలవాటైన పనిముట్టు అది. దాన్ని ఎక్కడ కింద పెట్టాలో తెలుసుకోవడమే ఈ సబ్జెక్టులో సగం పని.

ఇందులో మీరు ఒంటరివారు కాదు. ఫ్రాన్స్‌లో షెవాలియే ద మెరే అనే ఆయనకూ ఇదే చిక్కొచ్చింది. ఒక పాచికను 4 సార్లు వేస్తే కనీసం ఒక్కసారైనా ఆరు పడుతుందని పందెం కాస్తే లాభమే. రెండు పాచికలు కలిపి వేస్తే 36 రకాలుగా పడొచ్చు. 6కి 4 అయితే 36కి 24. అంచేత 24 సార్లు వేస్తే కనీసం ఒక్కసారైనా జంట ఆర్లు పడతాయన్న పందెం కూడా లాభంగానే ఉండాలి. కానీ అది నష్టం. ఈ గొడవ గణితవేత్త పాస్కల్ 1654లో మరో గణితవేత్త ఫెర్మాకు రాసిన ఉత్తరంలో ఉంది. అంకగణితమే తప్పని ద మెరే వాపోయాడట. అంకగణితం బాగానే ఉంది, త్రైరాశికమే చెల్లలేదు.

దీనికి కిటుకు ఒకటే. "కనీసం ఒక్కటి" అని వినపడగానే "ఒక్కటీ లేకపోవడం" వైపు తిరగండి. ఒక వేతలో ఆరు పడకపోవడానికి 6లో 5 అవకాశాలు. నాలుగు వేతల్లోనూ పడకపోవాలంటే ఆ 5/6ను నాలుగుసార్లు గుణించాలి: 625/1296, అంటే 48.2 శాతం. కాబట్టి పడే అవకాశం 51.8. అలాగే 35/36ను 24 సార్లు గుణించి చూడండి, పడే అవకాశం 49.1 దగ్గర ఆగుతుంది. సగానికి కాస్త అటు, కాస్త ఇటు. 25 సార్లు వేస్తే సగం దాటుతుంది.

ఇప్పుడు మీ లాట్. నిజంగానే 2 శాతం చెడ్డవి ఉన్నాయనుకోండి, అంటే 5,000లో 100. మీరు తీసిన పీసు మంచిదయ్యే అవకాశం 0.98. యాభైకి యాభై మంచివే రావాలంటే 0.98ను 50 సార్లు గుణించాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 0.364 వస్తుంది. (తీసిన పీసును తిరిగి కలపం కాబట్టి అసలు లెక్క వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. 5,000లో 50కి ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.)

అంటే వంద చెడ్డ పీసులున్న లాట్ కూడా మీ చేతిలో 36 శాతం సార్లు నిష్కళంకంగా కనిపిస్తుంది. మూడింట ఒక వంతు కంటే ఎక్కువ! ఈ అంకెను ఒక్క క్షణం చూస్తూ కూర్చోండి. మీ కుర్ర ఇంజనీరు ఐదు నిమిషాలు చెప్పాలనుకున్నది ఇంతే.

ఇక వృత్తాల సంగతి. అచ్చుతప్పేమీ లేదు. మీ గేజీ భాషలో చెబుతాను. ఒక పీసు వ్యాసం హద్దు కంటే పెద్దది, లేదా చిన్నది. రెండూ ఒకేసారి కాలేదు, అంటే వృత్తాలు తగలవు, పరస్పర వివర్జితం. ఇప్పుడు "ఇది పెద్దది" అని నేను చెప్పాననుకోండి, అది చిన్నది కాదని మీకు చూడకుండానే తెలిసిపోయింది. ఒకదాని కబురు వింటే రెండోదాని సంగతి పూర్తిగా తేలిపోతోంది. ఇంత గట్టి సంబంధాన్ని స్వతంత్రం అంటామా?

స్వతంత్రం అంటే ఒకదాని కబురు తెలిసినా రెండోదాని మీద మన అంచనా మారకపోవడం. పాచిక వేశాను. సరిసంఖ్య పడే అవకాశం సగం. "పడింది నాలుగు లోపే" అని చెప్పాను. మిగిలినవి 1, 2, 3, 4. అందులో సరివి రెండు, ఇంకా సగమే. నా మాట మీకేమీ ఉపయోగపడలేదు, కాబట్టి స్వతంత్రం. అదే "మూడు లోపే" అని చెప్పి ఉంటే 1, 2, 3 మిగిలేవి, సరిది ఒక్కటే, అవకాశం మూడో వంతుకు పడిపోయేది. స్వతంత్రం పోయింది. రెండు సందర్భాల్లోనూ వృత్తాలు తగులుతూనే ఉన్నాయి చూశారా? స్వతంత్రం బొమ్మలో కనపడదు, లెక్కపెడితేనే తెలుస్తుంది. నా తరగతిలో ఏటా సగం మంది మీ పొరపాటే చేసేవారు.

ఇదే దారిలో కండిషనల్ ప్రాబబిలిటీ, అంటే ఒకటి జరిగిందని తెలిశాక రెండోది జరిగే అవకాశం, కూడా వచ్చేస్తుంది. ఆ నిలువు గీత గుర్తులు చూసి భయపడకండి, శాతాలన్నీ మానేసి వెయ్యి పీసులు ఊహించుకోండి. వెయ్యిలో 20 చెడ్డవి. మీ గేజీ చెడ్డవాటిలో 95 శాతం పట్టుకుంటుంది, అంటే 19. మంచివాటిలో 5 శాతాన్ని పొరపాటున తోసేస్తుంది, అంటే 980లో 49. తోసేసిన డబ్బాలో మొత్తం 68 పడ్డాయి. అందులో నిజంగా చెడ్డవి 19, అంటే 28 శాతం. "95 శాతం పట్టుకునే గేజీ" తోసేసినవాటిలో దాదాపు మూడొంతులు మంచివే! బేయస్ సిద్ధాంతం ఇదే. ఆయన పోయాక 1763లో అచ్చయిన వ్యాసం నుంచి వచ్చింది. సూత్రం తర్వాత చూసుకోవచ్చు, ఈ వెయ్యి పీసుల లెక్క చేయగలిగితే మీకు అది వచ్చేసినట్టే.

ప్రామాణిక విచలనంతో ఏం చేసుకోవాలన్నారు. మీ పీసుల వ్యాసం సగటు 10 మిల్లీమీటర్లు, విచలనం 0.02 అనుకోండి. ఒక్కో పీసు సగటుకు అటూ ఇటూ మామూలుగా ఎంత ఊగుతుందో ఆ 0.02 చెబుతుంది. 25 పీసుల సగటు తీస్తే ఆ సగటు అంత ఊగదు. 25కి వర్గమూలం 5, కాబట్టి 0.004 మాత్రమే ఊగుతుంది. ఆ ఊపును సగానికి తగ్గించాలంటే 50 పీసులు సరిపోవు, 100 కావాలి. మళ్లీ త్రైరాశికానికి దెబ్బ.

వరస అడిగారు కాబట్టి: కాంబినేషన్లను ఇప్పటికి దాటేయండి. కండిషనల్, స్వతంత్రం, సగటు–విచలనం, శాంపిల్ ఊపు, ఆ తర్వాతే టెస్టులు. ప్రతి లెక్కకూ ముందు మీ ఊహను పెన్నుతో రాసిపెట్టుకోండి, పెన్సిల్ వద్దు. ఊహకూ జవాబుకూ తేడా ఎక్కువ వచ్చిన చోట ఆగండి, తేడా రాని లెక్కలు వంద చేసినా ఒరిగేదేమీ లేదు.

ఈ వారాంతానికి ఒక పని. నాణెం 100 సార్లు ఎగరేసి వరసగా రాసుకోండి. ఎగరేసే ముందు, ఒకే ముఖం వరసగా ఎన్నిసార్లు పడొచ్చో ఊహించి రాయండి.

శాంపిల్‌సైజ్

పై జవాబు బాగుంది, రెండు విషయాల్లో మాత్రం విభేదిస్తాను.

ఒకటి. 0.98ను 50 సార్లు గుణించారు. అలా గుణించడానికి ఒక పీసు చెడడం పక్క పీసు చెడడం మీద ఆధారపడకూడదు. మిషన్ మీద అలా జరగదు కదా. టూల్ అరిగిందంటే అరిగినప్పటి నుంచీ వరసగా చెడ్డవే వస్తాయి. వెర్నియర్ గారు ఆ 50 పీసులూ పై క్రేటులోంచే తీస్తే, కింద ఏముందో ఆ లెక్కకు తెలియదు. ముందు అడగాల్సింది "ఎన్ని తీశారు" అని కాదు, "ఎలా తీశారు" అని. నా మొదటి ఉద్యోగంలో నేనే ఇందులో పడ్డాను. వేల స్పందనలున్న ఒక సర్వేను పట్టుకుని ముచ్చటైన గ్రాఫులు గీశాను. ఆ ఫారం నింపినవాళ్లందరూ ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లే అని చివర్లో తెలిసింది. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా బ్యాలెట్లు తెప్పించుకుని, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల్లోంచి పేర్లు తీసుకోవడం, పంపినవాళ్లలో కొందరే తిరిగి జవాబివ్వడం, రెండూ కలిసి ముంచాయి.

రెండు. కాంబినేషన్లు దాటేయమనడం నాకు నచ్చలేదు. సున్నా చెడ్డవి వచ్చే అవకాశం గుణకారంతో వస్తుంది. సరిగ్గా రెండు వచ్చే అవకాశం కావాలంటే? 50 స్థానాల్లో ఆ రెండూ ఎక్కడెక్కడ కూర్చోవచ్చో లెక్కపెట్టాలి కదా. తప్పించుకున్నా అదే తిరిగి ఎదురొస్తుంది.

బొమ్మాబొరుసు

మొదటిది ఒప్పుకుంటున్నాను, నేనే ముందు రాయాల్సింది. రెండోది ఒప్పుకోను. అవసరం పడ్డ రోజున అది అరగంట పని. 50 మంది ఒకరితో ఒకరు చేయి కలిపితే ఎన్ని కరచాలనాలు? ఒక్కొక్కరూ 49 మందితో, ప్రతిదీ రెండుసార్లు లెక్కకొచ్చింది కాబట్టి సగం: 1,225. రెండు చెడ్డ పీసులు కూర్చునే విధాలు కూడా అన్నే. ఎందుకో తెలియకుండా నలభై లెక్కలు చేయించే ఆ అధ్యాయం మీదే నా కోపం.

వెర్నియర్

మేడమ్, వారం తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి.

నాణెం ఎగరేశాను. ఒకే ముఖం వరసగా నాలుగుసార్లు, మహా అయితే ఐదు, అని పెన్నుతోనే రాశాను. ఒకచోట బొరుసు వరసగా ఏడుసార్లు పడింది. నాణెంలో లోపమేమో అని మైక్రోమీటర్‌తో అంచు చుట్టూ ఆరుచోట్ల మందం కొలిచాను (నవ్వకండి). తేడా లేదు. వేరే నాణెంతో మళ్లీ వంద. ఈసారి బొమ్మ వరసగా ఆరు.

తర్వాత స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ర్యాండ్ అనే ఫంక్షన్ 0కీ 1కీ మధ్య ఏదో అంకె ఇస్తుంది. అది 0.02 కంటే తక్కువైతే చెడ్డ పీసు, లేకపోతే మంచిది. ఒక వరసకు 50 గళ్లు, అలాంటి వరసలు 200. అంటే 2 శాతం చెడ్డవి ఉన్న లాట్ నుంచి 200 సార్లు శాంపిల్ తీసినట్టు. వచ్చింది ఇదీ: ఒక్క చెడ్డదీ లేనివి 71 శాంపిళ్లు, ఒకటి ఉన్నవి 76, రెండు ఉన్నవి 36, మూడు ఉన్నవి 13, నాలుగు ఉన్నవి 4. అన్నీ కూడితే 200 శాంపిళ్లలో 203 చెడ్డవి, సగటున ఒక్కో శాంపిల్‌కు ఒకటి. నా త్రైరాశికం చెప్పిన "ఒకటి" అబద్ధం కాదన్నమాట, అది సగటు! ప్రతి శాంపిల్‌లోనూ ఒకటి ఉండి తీరాలని నేననుకోవడమే తప్పు. 71 సార్లు నేను "2 శాతం లోపే" అని సంతకం పెట్టేసేవాణ్ణి.

శాంపిల్‌సైజ్ గారూ, మీ మాట చదివి కాస్త సిగ్గేసింది. మేం తీసేది పై క్రేటులోంచే. ఈ వారం నుంచి ఒక్కో క్రేటులోంచి కొన్నేసి తీస్తున్నాం. హెల్పర్ విసుక్కుంటున్నాడు.

కోడ్‌కోతి బ్రదర్, మీరన్నదీ పూర్తిగా తప్పు కాదు. గళ్లు నింపితేనే నాకు తలకెక్కింది.

బొమ్మాబొరుసు

మైక్రోమీటర్‌తో నాణెం కొలిచిన విద్యార్థి నాకు 19 ఏళ్లలో ఒక్కరూ తగల్లేదు!

వంద వేతల్లో ఒకే ముఖం వరసగా ఆరో అంతకంటే ఎక్కువో పడే అవకాశం సుమారు 80 శాతం. ఏడు కూడా సగానికి పైనే. తరగతిలో సగం మందిని నిజంగా ఎగరేయమని, సగం మందిని ఊహించి రాయమని చెప్పి బయటికెళ్లేదాన్ని. తిరిగొచ్చి ఏ కాగితం ఏదో చెబితే పిల్లలు నోరు తెరిచేవారు. ఊహించి రాసేవాళ్లు వరసగా ఐదు బొమ్మలు రాయడానికి జంకుతారు, అంతే రహస్యం.

ఇక మీరు చేసిన ఆ పట్టిక: 71, 76, 36, 13, 4. సూత్రం ప్రకారం 200కి రావాల్సినవి దాదాపు 73, 74, 37, 12, 3. మీ ఇంజనీరు చెప్పిన బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ అదే, పేరు తెలియకుండానే చేత్తో కట్టేశారు. ఒక ముచ్చట కూడా గమనించండి. 100 పీసుల శాంపిల్, 1 శాతం చెడ్డవి అయినా సగటు ఒకటే. అప్పుడూ సున్నా వచ్చే అవకాశం దాదాపు 37 శాతమే. 1,000 పీసులు, వెయ్యికి ఒకటి చెడ్డది అన్నా అంతే. శాంపిల్ పెద్దదై, లోపం అరుదైతే, సగటు ఒక్కటి తెలిస్తే చాలు. పాయిసాన్ అనే ఫ్రెంచి గణితవేత్త 1837లో రాసిన సంగతి ఇది. మీ పనిలో రోజూ అక్కరకొస్తుంది.

వెర్నియర్

మరి రిపోర్టులో ఏం రాయను మేడమ్? ప్రస్తుతానికి "50 చూశాం, లోపాలు 0" అని మాత్రం రాస్తున్నాను. పైవాళ్లు "శాతం గడి ఖాళీగా ఉందేమిటి" అంటున్నారు.

బొమ్మాబొరుసు

గడిలో "6 శాతం లోపు, 95 శాతం నమ్మకంతో" అని రాయండి.

ఎక్కడిదా 6 అంటారా? నిజంగా 6 శాతం చెడ్డవి ఉంటే 50కి 50 మంచివి వచ్చే అవకాశం ఎంతో చూడండి: 0.94ను 50 సార్లు గుణిస్తే 0.045. అంటే అంత చెడ్డ లాట్ మీ కన్నుగప్పడం వందలో ఐదుసార్లు కూడా జరగదు. అంతకంటే చెడ్డదైతే ఇంకా అరుదు. అందుకని 6 దగ్గర గీత గీస్తాం. నోటిలెక్కకు సులువైన సూత్రం ఉంది: ఒక్కటీ దొరకనప్పుడు 3ను శాంపిల్ సంఖ్యతో భాగించండి. 3/50 అంటే 6 శాతం. శాంపిల్‌సైజ్ గారి షరతు మరిచిపోవద్దు, పీసులు అన్ని క్రేటుల్లోంచీ తీస్తేనే ఇది చెల్లుతుంది.

వెర్నియర్

6 శాతమా! పైవాళ్లు ఒప్పుకోరు మేడమ్. నిజాయితీగా "2 శాతం లోపు" అని రాయాలంటే ఎన్ని చూడాలి?

బొమ్మాబొరుసు

ఇక్కడ మాత్రం మీ త్రైరాశికం బయటికి తీయొచ్చు. 150.

ఆ 150లో ఒక్కటీ చెడ్డది దొరక్కూడదు. దొరికితే లెక్క వేరు, అప్పుడు మళ్లీ రాయండి.